పాత గోడల పక్కన కొత్త ఆఫీసు: ప్రభుత్వ భవనానికి స్థలం ఎంచేటప్పుడు చరిత్రను ఎలా తూచాలి

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. ఉత్తరాంధ్రలో పటం బాగా మారింది. పార్వతీపురం, పాలకొండ ప్రాంతాలు కలిసి పార్వతీపురం మన్యం జిల్లా అయ్యాయి. రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది. పలాస, బొబ్బిలి, చీపురుపల్లి కొత్తగా రెవెన్యూ డివిజన్ కేంద్రాలయ్యాయి. పటం మారినప్పుడల్లా ఆఫీసులు కావాలి, ఆఫీసులకు స్థలాలు కావాలి. అప్పుడు ప్రతి ఊళ్ళో ఒకే రకం వాదన మొదలవుతుంది. "ఊరి మధ్య పాత బంగళా తీసేసి అక్కడే కట్టండి" అని కొందరు, "అది మన ఊరి గుర్తు, ముట్టుకోవద్దు" అని ఇంకొందరు, "హైవే పక్కన పొలాలు తీసుకుంటే గొడవే ఉండదు కదా" అని మరికొందరు.

ముగ్గురి మాటలోనూ న్యాయం ఉంది. కానీ చట్టం దేన్ని ఆపుతుంది, దేన్ని ఆపదు, ఏది డబ్బు లెక్క, ఏది మనసు లెక్క అనేవి కలిసిపోయి వాదన గజిబిజి అవుతుంది. వాటిని విడదీసి చూద్దాం.

ఖాళీగా కనిపించే స్థలం తరచూ పాతదే ఎందుకవుతుంది

ఆఫీసుకు స్థలం కావాలంటే తహసీల్దారు ముందుగా చూసేది ప్రభుత్వ భూమి. పట్టా భూమి తీసుకోవాలంటే 2013 భూసేకరణ చట్టం ప్రకారం సామాజిక ప్రభావ అంచనా, పరిహారం, అభ్యంతరాల విచారణ వంటి మెట్లు చాలా ఎక్కాలి. పోరంబోకు అయితే ఆ తలనొప్పి లేదు. ఇక మిగతా షరతులు: వరద రాని మెరక, ఊరికి దగ్గర, దారి సౌకర్యం. 2018 అక్టోబరులో తిత్లీ తుపానును చూసిన శ్రీకాకుళం జిల్లాలో మెరక అనేది చిన్న విషయం కాదు.

ఇప్పుడు వెయ్యేళ్ల కిందట ఊరు కట్టుకున్నవాళ్ళు ఏం చూసుకున్నారో ఆలోచించండి. నది దగ్గర, కానీ నీళ్ళు ఎక్కని మెరక. దారులు కలిసే చోటు. అంటే దాదాపు ఇవే షరతులు. శాలిహుండం బౌద్ధ స్తూపాలు వంశధార ఒడ్డున కొండమీద ఉన్నాయి. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం వంశధార పక్కనే, ఇప్పటి శ్రీముఖలింగం చుట్టుపక్కల ఉండేది. రామతీర్థంలో బౌద్ధ, జైన అవశేషాలు కొండలమీదే ఉన్నాయి. పాడుబడిన ఊరు కాలక్రమంలో దిబ్బ అవుతుంది. రైతులు పొలాలకు పాటిమట్టి తోలుకునే దిబ్బల్లో చాలావాటి కథ ఇదే. ఎవరూ దున్నని ఆ దిబ్బ, పాత కోటగోడ, గుట్ట ఎవరి పట్టాలోనూ చేరక పోరంబోకుగా మిగిలిపోతాయి.

అందుకే ప్రభుత్వానికి సులువుగా దొరికే స్థలానికీ, చరిత్ర ఉన్న స్థలానికీ తరచూ పోటీ వస్తుంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ అక్కర్లేదు. రెండూ ఒకే కారణాల వల్ల ఒకేచోట పడతాయి. ఈ సంగతి ఒప్పుకుంటే, స్థలం వెతకడం మొదలైన రోజే చరిత్ర గురించి అడగడం ఎందుకు అవసరమో అర్థమవుతుంది.

పోయేది ఏమిటో ముందు తేల్చుకోవాలి

చారిత్రక స్థలం అన్నప్పుడు మన మనసులో ఒక గుడో కోటో మెదులుతుంది. నిజానికి అక్కడ వేర్వేరు రకాల విలువలుంటాయి, ఒక్కోదానికి ముప్పు ఒక్కోలా వస్తుంది.

మొదటిది కట్టడం. అది కళ్ళకు కనిపిస్తుంది కాబట్టి దాని గురించే మాట్లాడతాం. రెండోది కింది నేల. ముఖలింగంలో మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు పైకి కనిపిస్తాయి. కానీ ఒకప్పటి నగరం కేవలం మూడు గుళ్ళు కాదు కదా. ఇళ్ళు, వీధులు, బావులు, కుండల బట్టీలు భూమి లోపల ఉంటాయి. మట్టి పొరలు ఉన్నది ఉన్నట్టుగా ఉంటేనే పురావస్తు శాస్త్రవేత్త ఏది ముందు, ఏది తర్వాత అని చెప్పగలడు. జేసీబీ ఒక పూట తవ్వితే ఆ పొరలు కలిసిపోతాయి. పెంకులు మిగలవచ్చు, కానీ ఏ పెంకు ఏ కాలానిదో చెప్పే ఆధారం తిరిగిరాదు. కూలిన గోడను ఫొటోలు చూసి మళ్ళీ కట్టుకోవచ్చు, కలిసిపోయిన పొరలను కట్టలేం. అయినా మన చర్చల్లో నేల ఊసే రాదు, నన్ను ఎక్కువగా బాధించేది ఇదే.

మూడోది పరిసరం. శాలిహుండం కొండ ఎక్కితే కింద వంశధార, దూరంగా సముద్రం వైపు దిగువ నేల కనిపిస్తాయి. బౌద్ధులు అక్కడ ఎందుకు స్థిరపడ్డారో, కళింగపట్నం రేవుకు ఆ చోటుతో ఏం సంబంధమో ఆ చూపుతోనే తెలుస్తుంది. ఎదురుగా నాలుగంతస్తుల భవనం లేస్తే స్తూపానికి గీత కూడా పడకపోవచ్చు, కానీ ఆ చూపు పోతుంది.

ఇంకొకటి వాడకం. విజయనగరం కోటకు 1713లో పునాది పడింది. ఆ ప్రాంగణంలో మాన్సాస్ ట్రస్టు విద్యాసంస్థలు నడవడం వల్ల రోజూ వందల మంది పిల్లలు ఆ గేటు గుండా వెళ్తారు. మనుషులు తిరిగే కోటకూ, తాళం వేసిన కోటకూ తేడా ఎవరికైనా తెలుస్తుంది. పాత ఆఫీసును ఖాళీ చేసి ఊరి బయటికి వెళ్తే ఆ పాత భవనాన్ని కూల్చకపోయినా వాడకం ఆగిపోతుంది. దాని గతి ఏమిటన్నది కొత్త స్థలం ఎంపికలోనే భాగం.

వంద మీటర్లు, ఆపై రెండు వందల మీటర్లు

చట్టం దగ్గరికి వద్దాం. దేశానికి ముఖ్యమైనవిగా ప్రకటించిన కట్టడాలను 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం కింద కేంద్ర పురావస్తు శాఖ చూస్తుంది. శ్రీముఖలింగం ఆలయాలు, శాలిహుండం, రామతీర్థం గురుభక్తులకొండ బౌద్ధ అవశేషాలు ఈ కోవలోవి. 2010లో ఈ చట్టాన్ని సవరించారు. రక్షిత ప్రాంతం హద్దు నుంచి అన్ని వైపులా 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం. అక్కడ కొత్త నిర్మాణం కుదరదు. పాత ఇళ్ళకు మరమ్మతులు మాత్రం అనుమతితో చేసుకోవచ్చు. ఆ 100 మీటర్ల తర్వాత మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ కట్టుకోవచ్చు, కానీ ముందే అనుమతి తీసుకోవాలి. ఆ దరఖాస్తులను జాతీయ స్మారక కట్టడాల ప్రాధికార సంస్థ పరిశీలిస్తుంది. నిషిద్ధ ప్రాంతంలో కడితే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఇక్కడ రెండు అపోహలున్నాయి. ఒకటి, దూరాన్ని గోపురం నుంచి కొలుస్తారని. కాదు, రక్షిత ప్రాంతం హద్దు నుంచి కొలుస్తారు. ప్రహరీ లోపల తోట, కోనేరు ఉంటే వంద మీటర్లు వాటి అవతల మొదలవుతాయి. రెండోది, ప్రభుత్వమే కడుతోంది కాబట్టి ఈ నిషేధం వర్తించదని. వర్తిస్తుంది. కేంద్ర ప్రభుత్వ ప్రజోపయోగ పనులకు నిషిద్ధ ప్రాంతంలో వీలు కల్పించే సవరణ బిల్లును లోక్‌సభ 2018 జనవరిలో ఆమోదించింది, కానీ రాజ్యసభ దాన్ని సెలక్ట్ కమిటీకి పంపడంతో అది చట్టం కాలేదు.

ఒక ఊహా ఉదాహరణతో లెక్క వేద్దాం. ఒక మండల కేంద్రంలో ఆఫీసుల సముదాయానికి 5 ఎకరాల పోరంబోకు చూశారు. ఎకరం 4,047 చదరపు మీటర్లు కాబట్టి మొత్తం సుమారు 20,235 చదరపు మీటర్లు. స్థలం 140 మీటర్ల లోతు, 145 మీటర్ల వెడల్పు ఉందనుకుందాం. దాని ముందు అంచు ఒక కేంద్ర రక్షిత ఆలయం హద్దుకు 70 మీటర్ల దూరంలో ఉంది. అంటే ముందు వైపు 30 మీటర్ల పట్టీ నిషిద్ధ ప్రాంతంలో పడింది. 30ని 145తో హెచ్చిస్తే 4,350 చదరపు మీటర్లు, దాదాపు ఎకరం ఏడు సెంట్లు. అక్కడ సెక్యూరిటీ గది కూడా కట్టలేరు. మిగిలిన భాగం హద్దు నుంచి 100 నుంచి 210 మీటర్ల మధ్య ఉంది కాబట్టి అంతా నియంత్రిత ప్రాంతమే. అంటే కాగితం మీద 5 ఎకరాలున్న స్థలంలో నిజంగా కట్టడానికి పనికొచ్చేది 3 ఎకరాల 93 సెంట్లు, అదీ అనుమతి వచ్చాకే. ఎత్తుపై షరతులు పెడితే అంతస్తులు తగ్గించి నేల పరిచే విస్తీర్ణం పెంచాలి, అప్పుడు ఆ స్థలమూ చాలదు. ఈ లెక్కకు సర్వే పటం, ఒక టేపు చాలు. టెండర్ పిలవక ముందు చేస్తే ఒక పూట పని. పునాదులు తీశాక తెలిస్తే గుత్తేదారుకు టెన్షన్, అధికారికి నోటీసు, ఊరికి సగంలో ఆగిన కాంక్రీటు స్తంభాలు.

ఈ నియమం అందరికీ మేలే చేస్తుందని అనలేం. జనం కాపురముంటున్న గుడి ఊళ్ళలో వంద మీటర్ల గీత సామాన్యుల ఇళ్ళమీదుగా పోతుంది. కొడుకు పెళ్ళికి ఇంకో గది వేసుకుందామన్నా కుదరని కుటుంబానికి ఆ గీత వారసత్వంలా కాకుండా శిక్షలా అనిపిస్తే తప్పు పట్టలేం. చిన్న కట్టడానికీ పెద్ద నగర శిథిలానికీ ఒకే వంద మీటర్లు ఏం తర్కమని నిపుణులు కూడా అడుగుతున్నారు. దీనికి జవాబుగానే ఒక్కో కట్టడానికి విడివిడిగా ఉపనిబంధనలు రాయాలని 2010 సవరణ చెప్పింది. నా మటుకు, ఇంటి గదికి అనుమతి లేని చోట ప్రభుత్వ భవనానికి మినహాయింపు అడగడం అన్యాయం. నియమం సడలాలంటే ముందు ఆ గది కోసం సడలాలి.

జాబితాలో లేని కట్టడాల సంగతి

కేంద్రం జాబితాలో లేనివాటికి 1960 నాటి రాష్ట్ర చట్టం ఉంది. దాని కింద రాష్ట్ర పురావస్తు శాఖ కట్టడాలను రక్షితమని ప్రకటించవచ్చు. ఈ రెండు జాబితాల్లోనూ లేనివి మాత్రం లెక్కలేనన్ని. జమీందారీ కాలం కచేరీలు, సత్రాలు, బడులు, బ్రిటిష్ కాలం బంగళాలు, గడియార స్తంభాలు. వాటిని కూల్చకుండా ఆపే నిర్దిష్టమైన చట్టపు అడ్డు దాదాపు ఉండదు. జనం పట్టుదల, అధికారి విచక్షణ, ఈ రెండే కాపలా.

విజయనగరం వాళ్ళకు దీని అనుభవం ఉంది. మూడు లాంతర్లు ఆ ఊళ్ళో దారి చెప్పే గుర్తు. ఆ పాత స్తంభాన్ని 2020 మేలో సుందరీకరణ పనుల్లో భాగంగా తీసేశారు. ఊళ్ళో పెద్ద దుమారం రేగింది. పాతబడింది, కొత్తది కడతామన్నది పనిచేసినవాళ్ళ వైపు మాట. ఊరిని అడగలేదన్నది జనం బాధ. అది ప్రభుత్వ ఆఫీసు కోసం జరిగిన పని కాదు. కానీ జాబితాలో లేని గుర్తుకు ఎంత తక్కువ రక్షణ ఉందో అది చూపించింది.

రాజ్యాంగం 49వ అధికరణ జాతీయ ప్రాముఖ్యం ఉన్న కట్టడాల రక్షణను ప్రభుత్వం మీద పెట్టింది. 51ఎ అధికరణ మన ఉమ్మడి సంస్కృతి వారసత్వాన్ని కాపాడటం ప్రతి పౌరుడి విధి అంది. మొదటిది ప్రకటించిన కట్టడాల గురించే. రెండోదాని పరిధి విశాలం, కానీ దాన్ని చూపించి ఒక ఫలానా కచేరీని కూల్చకుండా ఆపడం తేలిక కాదు.

"శిథిలమైంది" అన్న నివేదికలో ఏం చూడాలి

పాత ఆఫీసు కూల్చి అక్కడే కొత్తది కడదాం అన్నప్పుడు వినిపించే మొదటి మాట, భవనం ప్రమాదకరంగా ఉందని. చాలాసార్లు నిజమే. పైకప్పు పెచ్చులు గుమాస్తా తలమీద పడుతున్న చోట చరిత్ర గురించి ఉపన్యాసం ఇవ్వడం మర్యాద కాదు. లిఫ్టు లేదు, ర్యాంపు లేదు, కరెంటు తీగలు ఎక్కడివక్కడ వేలాడుతుంటాయి. వికలాంగుడు పింఛను కోసం మెట్లెక్కలేక కింద కూర్చుంటాడు. ఈ ఇబ్బందుల ముందు కమానుల అందం ఎంతని అడిగేవాళ్ళకు జవాబు చెప్పాలి.

అయితే పాడైన భవనం, పడిపోయే భవనం ఒకటి కావు. మన తీరప్రాంతపు పాత బంగళాలకు మందమైన ఇటుక గోడలు, సున్నం పూత, టేకు దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన మద్రాసు టెర్రస్ కప్పు ఉంటాయి. దూలం చివర గోడలో కూరుకున్న చోట చెమ్మకు పుచ్చుతుంది. ఆ దూలాలు మారిస్తే కప్పు మళ్ళీ నిలుస్తుంది. గోడ పెచ్చులూడటానికి కారణం చాలాసార్లు ఈమధ్య చేసిన సిమెంటు ప్లాస్టరే. సున్నం గోడ చెమ్మను బయటికి వదులుతుంది. దానిమీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఇరుక్కుని, ఉప్పు తేలి, ఇటుక పొడిపొడిగా రాలుతుంది. పైకి చూస్తే భవనం అయిపోయినట్టు ఉంటుంది, గోడ లోపలి బలం అలాగే ఉండవచ్చు. కాబట్టి నివేదికలో పునాది కుంగిందా, గోడ వాలిందా, దూలాలు ఎన్ని పుచ్చాయి అన్నవి ఉన్నాయా, లేక "పాతబడింది" అని మాత్రమే ఉందా అన్నది తేడా చెబుతుంది.

ఖర్చు మాటా అంతే. సున్నం పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు, కాబట్టి మరమ్మతు అంచనా వేయడం ఇంజినీరుకు కష్టం. కొత్త భవనానికి చదరపు అడుగుకు ఇంత అని చెప్పేయొచ్చు. పాతదాన్ని విప్పితేగానీ లోపల ఏముందో తెలియదు. ఏ అధికారీ తెలియని ఖర్చు మీద సంతకం పెట్టడానికి ఇష్టపడడు, అది సహజం. శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డున డచ్ బంగళా ప్రభుత్వ అవసరాలకు ఉపయోగపడి, తర్వాత ఏళ్ల తరబడి పాడుబడింది. చిన్న మరమ్మతు వాయిదా పడేకొద్దీ పెద్ద మరమ్మతు అవుతుంది. పెద్ద మరమ్మతు కూల్చివేతకు సాకు అవుతుంది.

మధ్యే మార్గం ఒకటుంది: పాత భవనాన్ని జనం తక్కువగా వచ్చే పనులకు, అంటే సమావేశ మందిరానికో, గ్రంథాలయానికో, మ్యూజియానికో ఉంచి, ఆ ఆవరణలోనే వెనుక కొత్త బ్లాకు కట్టడం. స్థలం సరిపోతే ఇది బాగుంటుంది. సరిపోకపోతే పార్కింగ్ కోసం ముందున్న చెట్లు పోతాయి, ఆవరణ ఇరుకై రెండూ చెడతాయి.

ఊరి బయటికి వెళ్తే గొడవ ఉండదా

పొలాల్లో కడితే చరిత్ర సమస్య తీరినట్టే అనిపిస్తుంది. కానీ ఆ ఖర్చు వేరే జేబులోంచి వస్తుంది. మళ్ళీ ఊహా ఉదాహరణే: ఆఫీసు 6 కిలోమీటర్లు దూరం వెళ్ళింది. రోజుకు 200 మంది పనులమీద వస్తారు. ఆటోకు ఒక వైపు 20 రూపాయల చొప్పున రానూపోనూ 40. రోజుకు 8,000 రూపాయలు. ఏడాదికి 250 పనిదినాలు వేస్తే 20 లక్షలు. ఈ సొమ్ము ఏ ఎస్టిమేట్‌లోనూ కనపడదు, ఎందుకంటే దాన్ని కట్టేది పింఛను కోసం వచ్చే ముసలమ్మ, రేషన్ కార్డు కోసం కూలి మానుకుని వచ్చే మనిషి. పాత ఊళ్ళో దస్తావేజు లేఖరులు, టీ దుకాణాలు, జిరాక్స్ షాపులు ఖాళీ అవుతాయి. ఖాళీ అయిన వీధిలో పాత కట్టడాలు మరింత వేగంగా పడిపోతాయి.

ఇటువైపు వాదనా బలమైనదే. ఇరుకు వీధుల్లో అంబులెన్సు వెళ్ళదు, ఒకేచోట అన్ని శాఖలు ఉంటే మనిషి నాలుగు ఆఫీసులు తిరగక్కర్లేదు, రాబోయే 50 ఏళ్ల అవసరానికి ఊరి మధ్య చోటు లేదు. బస్సు సౌకర్యం ముందే ఏర్పాటు చేసి, పాత భవనానికి వాడకం ముందే తేల్చి వెళ్తే ఇది నిలబడే నిర్ణయం. ఆ రెండూ తర్వాత చూద్దామనుకుంటే కాదు.

కోర్టులు ఏం చూస్తాయి

పాత భవనం గొప్పదా కాదా అన్నది తేల్చడం కన్నా, నిర్ణయం తీసుకున్న పద్ధతి సరైనదా అన్నదే కోర్టులు ఎక్కువగా చూస్తాయి. హైదరాబాద్ ఎర్రమంజిల్ స్థలంలో కొత్త అసెంబ్లీ కట్టాలన్న తెలంగాణ మంత్రివర్గ నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. అది వారసత్వ భవనమన్న సంగతినీ, కావాల్సిన అనుమతినీ పట్టించుకోలేదన్నది అందులో కీలకం. మరుసటి ఏడాది పాత సచివాలయం కూల్చివేతను మాత్రం అదే హైకోర్టు ఆపలేదు. నిజాం కాలపు జి బ్లాకు కూడా పోయింది. ఢిల్లీలో కొత్త పార్లమెంటు విషయంలో 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఇద్దరు ఒకవైపు, ఒకరు మరోవైపు తీర్పిచ్చింది. మెజారిటీ ప్రాజెక్టును అనుమతిస్తూనే వారసత్వ కమిటీ ముందస్తు ఆమోదం తీసుకోమంది. జస్టిస్ సంజీవ్ ఖన్నా ప్రజాభిప్రాయ సేకరణ సరిగా జరగలేదని విభేదించారు.

పునాదిలో ఏదైనా బయటపడితే

అన్నీ చూసి కట్టడం మొదలుపెట్టినా నేల తన లెక్క చెప్పవచ్చు. నాణెమో విగ్రహమో దొరికితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. విగ్రహం దొరికితే కనీసం కబురు పాకుతుంది, జనం చేరతారు. ఇటుకల వరస, బూడిద పొర, పెంకుల గుట్ట బయటపడితే మేస్త్రీకి అది అడ్డు మట్టే. దాన్ని గుర్తుపట్టేవాడు ఆ గుంత దగ్గర ఉండాలి.

తెలిసిన చోట కూడా త్యాగం తప్పనిసరైన సందర్భాలున్నాయి. నాగార్జునకొండ సాగర్ నీళ్ళలో మునగబోతోందని తెలిసి 1954 నుంచి ఆరేళ్ల పాటు పెద్ద ఎత్తున తవ్వి, కొన్ని కట్టడాలను మునగని చోటికి తరలించారు. కానీ డ్యామును నది కోరిన చోటే కట్టాలి. ఆర్డీవో ఆఫీసుకు ఆ నిర్బంధం లేదు. దాన్ని రెండు వందల మీటర్లు జరపవచ్చు.

స్థలం చూసే దశలోనే చరిత్ర బయటపడిన చోటు మనకు దగ్గర్లోనే ఉంది. విశాఖ దగ్గర తొట్లకొండమీద 1976లో నౌకాదళం తన అవసరానికి స్థలం కోసం సర్వే చేస్తుండగా బౌద్ధ అవశేషాలు బయటపడ్డాయి. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపి స్తూపాలు, విహారాలు, నీటి తొట్లు వెలికితీసింది. అవి దొరికింది సర్వే దశలో. పునాదులు తీశాక కాదు.